దాసు మామయ్యని తూర్పుకి తిప్పడం

మా మేనత్త కోటిరత్నం ప్రభువు రాకడ కోసం ఎదురుచూసినంత పట్టుదలగా రేపల్లెలో ఎవరూ రైలు కోసం కూడా ఎదురుచూడరు. రైలుకి ఒక టైమంటూ గోడ మీద రాసి ఉంటుంది, అది నిజం కాకపోయినా. ప్రభువు టైము చెప్పలేదు. చెప్పలేదు కనక ఏ పూటైనా రావచ్చని మా అత్త లెక్క. తూర్పున మబ్బు కాస్త ఎర్రబడితే చాలు, చేతిలో గరిటె పట్టుకునే వీధిలోకి వచ్చి నిలబడేది. అది ఉత్త మబ్బేనని తేలాక, "ఇవాళ కూడా కాదన్నమాట" అనుకుంటూ లోపలికెళ్ళి చట్నీకి తాలింపు పెట్టుకునేది.

స్టేషను బయట ఇడ్లీలు అమ్మేది ఆవిడ. తెల్లవారి మొదటి పాసింజరు తెనాలికి బయల్దేరే లోపల సగం గిన్నె ఖాళీ అయ్యేది. రేపు ప్రభువు వస్తాడేమో అంటూనే రేపటి ఇడ్లీకి పప్పు నానబోసేది. ఒకసారి తెనాలిలో గ్రైండరు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. షాపువాడు ఐదేళ్ళ గ్యారంటీ అన్నాడు. "ఐదేళ్ళా! అప్పటిదాకా ప్రభువు ఆగుతాడా నాయనా?" అంది. వాడు బిత్తరపోయి నా వంక చూశాడు. నేను ఫ్యాన్ల వంక చూశాను. "సరేలే, ఒకవేళ ఆగితే? కార్డు మీద ముద్ర వేసివ్వు" అంది మళ్ళీ తనే.

ఆవిడ ఒంట్లో బాగున్న భాగం నోరొక్కటే. మోకాళ్ళు పట్టేశాయి, షుగరుంది, ఎడమ కంట్లో పొర. వాన పడితే ఇంట్లో చినుకు కింద గిన్నె పెట్టని మూల ఉండేది కాదు. ఎలా ఉన్నావమ్మా అని ఎవరైనా అడిగితే, "ఇంకెంతో కాలం లేదులే" అని ఉషారుగా చెప్పేది. ఆవిడ చెప్పేది ప్రభువు సంగతి. విన్నవాళ్ళు ఆవిడ సంగతే అనుకుని కళ్ళు తుడుచుకుంటూ రెండు ఇడ్లీలు ఎక్కువ కొనేవాళ్ళు. నేనెన్నిసార్లు చెప్పినా ఆ మాట మార్చుకోలేదు. బేరం బాగుంటుందనే మార్చుకోలేదేమోనని నా అనుమానం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. తెనాలిలో టీవీలు బాగుచేసే కొట్టు నాది. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఇలాంటి మేనత్తకి ఒక్కగానొక్క మేనల్లుడిగా పుట్టి చూడండి, ఎవరికి ఎక్కువో తెలుస్తుంది.

మా మామయ్య దాసు ఆవిడకి పూర్తిగా ఎదురు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. రేపల్లెలో ఒక రైసుమిల్లులో పనిచేసి పనిచేసి ఆ రొదలో చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆవిడ మాట్లాడుతుంటే తలూపేవాడు. ఆవిడ ఆపేసినా కాసేపు ఊపుతూనే ఉండేవాడు. రెండువేల మూడు వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు.

అసలు చిక్కంతా ఆయన్ని సమాధి చేసిన రోజు పుట్టింది. మా వాళ్ళలో చనిపోయిన మనిషిని తల పడమరకి, కాళ్ళు తూర్పుకి వచ్చేలా పెడతారు. లోకం చివర కడబూర మోగి, పోయినవాళ్ళు లేచి నిలబడితే ఎదురుగా తూర్పు, అటు నుంచి వచ్చే ప్రభువు. లేచాక అటూ ఇటూ వెతుక్కునే పని లేకుండా పెద్దలు చేసిన ఏర్పాటది. మా పాత సమాధుల తోటకి గేటు పడమట ఉంది. పెట్టెను కాళ్ళు ముందుగా గేట్లోంచి తీసుకెళ్ళి, తిన్నగా దించేస్తే సరిపోయేది. మా తాతల నాటి నుంచి అదే అలవాటు. గేటు దాటాక ఎవరూ దిక్కులు చూసుకోవలసిన అవసరమే రాలేదు.

ఆ తోట నిండిపోయింది. కాలవ అవతల సంఘం కొత్తగా స్థలం కొంది. అందులోకి మొట్టమొదట వెళ్ళినవాడు మా మామయ్య. రోడ్డు అటుపక్క ఉంది కాబట్టి ఈ స్థలానికి గేటు తూర్పున పెట్టారు. ఆ రోజు ఒకటే వాన. సూర్యుడి జాడ లేదు. ముందు నడిచినవాడు సంఘపెద్ద సీమోను. ఎరువుల కొట్టు ఆయనది. మామయ్యకి చిన్ననాటి నేస్తం. గొడుగు ఎత్తిపట్టి, "తిన్నగా రండి! తిన్నగా దించండి! ఎప్పట్లాగే!" అని కేకలు పెట్టాడు. మేం తిన్నగానే వెళ్ళాం, తిన్నగానే దించాం, ఎప్పట్లాగే. తల తూర్పుకి వెళ్ళింది, కాళ్ళు పడమరకి వెళ్ళాయి. పాదిరి జార్జి గారి కళ్ళజోడు నిండా నీళ్ళు. మా అందరి కళ్ళ నిండా కూడా నీళ్ళే. ఒక్కరికీ తట్టలేదు.

తరవాత జానీ మేస్త్రి ఇటుకలు పేర్చి, సిమెంటు చేసి, సీమోను చూపించిన చోట తల దగ్గర శిలువ నిలబెట్టాడు. సున్నం వేశాక చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా అత్త కూడా మెచ్చుకుంది.

ఆ తరవాతి ఈస్టరు పండక్కి తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని కొత్త తోటకి వెళ్ళాం. అత్త మామయ్య కాళ్ళ దగ్గర, శిలువకేసి చూస్తూ నిలబడింది. పాట సాగుతోంది. సూర్యుడు పైకొచ్చాడు. శిలువ వెనకనించి పైకొచ్చి తిన్నగా మా అత్త కళ్ళలో కొట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ముందుకి చూసింది. ప్రతి ఈస్టరుకీ పాత తోటలో ఎండ ఆవిడ వీపుకే తగిలేది.

"ఆపండి పాట!" అంది.

ఈస్టరు పాటని మధ్యలో ఆపించిన మనిషిని మా సంఘం అంతకు ముందు చూడలేదు. హార్మోనియం మాత్రం ఇంకో రెండు ముక్కలు వాయించి ఆగింది.

"జార్జయ్యగారూ, తూర్పు ఎటండీ?"

జార్జి గారు చెయ్యెత్తి చూపించబోయి, సగంలో దింపేశారు. ఆయనకి అర్థమైపోయింది. అందరం మామయ్య సమాధి వంక, సూర్యుడి వంక, చివరికి సీమోను వంక చూశాం.

సీమోను గొంతు సవరించుకున్నాడు. "ఈ కాలంలో సూర్యుడు కొంచెం పక్కకి పొడుస్తాడక్కా."

"పక్కకి పొడుస్తాడా, పడమర పొడుస్తాడా?"

"గేటు పెట్టినోడిది తప్పు. మనం తిన్నగానే దించాం."

"తిన్నగానే దించావు నాయనా. ప్రభువు వచ్చే వైపుకి మా ఆయన వీపు పెట్టావు. లేచాక ఎదురుగా ఏం కనపడుద్ది ఆయనకి? రైసుమిల్లు గొట్టం! ఏదో షిఫ్టుకి లేపారనుకుని పనిలోకి పోతాడు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్త అటు తిరిగి చూసేసరికి కొవ్వొత్తి ఆర్పుకుని దాక్కున్నారు.

జార్జి గారు మంచి మనిషి. వయసులో అత్తకంటే బాగా చిన్నవారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మా, లేచాక వచ్చే మహిమ శరీరానికి దిక్కులతో పనేముందండీ?" అన్నారు మెల్లగా.

"పని లేకపోతే ఇన్నాళ్ళూ అందర్నీ తూర్పుకే ఎందుకు పెట్టించారండీ? అందరికీ ఉన్న దిక్కు మా ఆయనకే లేకుండా పోయిందా?"

ఆయన ఇడ్లీ తిని వెళ్ళిపోయారు.

సీమోను ఇంకో ఉపాయం చెప్పి పంపాడు. శిలువని తీసి రెండో చివర పెడితే చూసేవాళ్ళకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది కదా అని. "శిలువ మారిస్తే సీమోను పరువు నిలబడుద్ది, మా ఆయన తలకాయ మారదు" అని కబురు తిప్పి పంపింది అత్త. జానీ మేస్త్రిని పిలిపించి, లోపలి పెట్టెనే తిప్పడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. జానీ చెవులు పట్టుకున్నాడు.

"పిన్నీ, ఇటుక తిప్పమంటే తిప్పుతా, గోడ తిప్పమంటే తిప్పుతా. మనిషిని తిప్పమంటే నా వల్ల కాదు. అయినా బాబాయి లేచి కూర్చుంటే పడమటికే కదా చూసేది? మేం నమాజు చేసేది అటే. మా వాళ్ళెవరో ఒకరు చూసి, ఇటు కాదు బాబాయ్ అటు అని చెప్పరా?"

"చెప్తే ఆయనకి వినపడొద్దంట్రా?" అంది అత్త.

ఇక మిగిలింది బాపట్ల. మా సంఘాలన్నిటికీ పైనుండే మిషను పెద్దయ్యగారు ఉండేది అక్కడే. అత్త పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగి, నా కొట్టుకొచ్చి, పొట్ట విప్పి పెట్టిన టీవీ ముందు కూర్చున్న నన్ను లేవదీసింది. ఆ టీవీ మా వీధి కౌన్సిలరుది. ఆ రోజు క్రికెట్టు ఉంది. అతను నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను. బాపట్ల పాసింజర్లో కూర్చున్నాక అన్నాను, నా నోరు ఊరుకోదు కదా: "పోయినాయన హాయిగా పడుకున్నాడు. ఎటు పడుకుంటే ఏంటత్తా?" ఆవిడ ఒళ్ళో ఇడ్లీల గిన్నె గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. మా అత్త మాటకి మాట అనకపోవడం నాకు కొత్త. భయమేసింది.

పెద్దయ్యగారు బాగా ముసలాయన. ఇడ్లీల గిన్నె అందుకుని, కుర్చీ వేయించి, సంగతంతా ఓపిగ్గా విన్నారు. నవ్వలేదు. విన్నాక అన్నారు: "అమ్మా, దేవుడికి తూర్పూ లేదు, పడమరా లేదు. ఎలా పోయినవాళ్ళనైనా లేపుతాడు. మంటల్లో పోయినవాళ్ళని లేపుతాడు, సముద్రంలో పోయినవాళ్ళని లేపుతాడు..."

"సముద్రంలో పోయినదాని సంగతేనండీ నేను చెప్పేది" అంది మా అత్త.

మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాటది. నేను పుట్టాకే జరిగిందట, నాకు తెలిసిందల్లా ఎవరూ దాని గురించి అడగకూడదని. డెబ్బై ఏడు ఉప్పెనకి వాళ్ళు సముద్రం పక్క పల్లెలో ఉండేవాళ్ళు. ఎస్తేరని ఒక పిల్ల. మూడేళ్ళది.

"మా ఆయన దాన్ని భుజానికెత్తుకుని తాడిచెట్టు పట్టుకున్నాడండీ. నేను ఇంకో చెట్టుకున్నా. నీళ్ళొచ్చి కొట్టాయి. చెయ్యి జారింది. నాన్నా అని పిలిచింది. తెల్లారాక ఎంత వెతికినా దొరకలేదు. అందరూ ఈయనకి మిల్లులో చెవుడొచ్చిందంటారు. నేనూ అలాగే చెప్తా. ఆ పిలుపు విన్నాక ఇంకేదీ వినబుద్ధి కాలేదండీ ఆయనకి. చచ్చేదాకా దాని పేరెత్తలేదు."

పెద్దయ్యగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ప్రభువు ఒంటరిగా రాడు కదండీ. దాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. తూర్పు నుంచే వస్తాడు. వచ్చేసరికి నాన్న వీపు కనపడుద్ది. దేవుడికి దిక్కుల్లేవు, ఒప్పుకుంటా. పిల్లకి మూడేళ్ళండీ. దానికేం తెలుసు? ఆ రోజు చెయ్యి వదిలేశాడు, ఇవాళ మొహం కూడా తిప్పుకున్నాడు అనుకోదా?"

నేను గోడ మీది కేలండరు వంక చూస్తూ కూర్చున్నాను. అది ఏ నెలో ఇప్పటికీ చెప్పలేను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. రైల్లో నేనన్న మాట తలుచుకుంటే నా నోరు నాకే రోతనిపించింది. ఇన్నేళ్ళూ ఆవిడ గరిటె పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది మబ్బుల కోసం కాదు.

పెద్దయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, "తవ్వి తిప్పడం నా చేతిలో లేదమ్మా. సమాధి తెరవాలంటే సర్కారు ఆర్డరు కావాలి. అదీ చావు మీద ఏదన్నా అనుమానం ఉంటేనే ఇస్తారు" అన్నారు.

"అనుమానం ఉందని చెప్తానండీ."

"ఎవరి మీద?"

"సీమోను మీద."

పెద్దయ్యగారికి ఏడుపులోంచే నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గారు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ మామూలు గొంతుతో అడిగారు: "సరే గానీ, ప్రభువు వచ్చిన రోజు నువ్వెక్కడుంటావమ్మా?"

"నేనా?" అంది అత్త. తన సంగతి ఆవిడ ఎప్పుడూ ఆలోచించుకున్నట్టు లేదు.

తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటేదాకా ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. దాటాక నా మోచెయ్యి పట్టుకుంది. "ఒరేయ్ అబ్బాయ్, ప్రభువు ఈలోగా రాకపోతే నేనూ అక్కడికే పోవాలిగా. ఆయన పక్కనే పడుకుంటా. సరిగ్గా తూర్పుకి. లేచి, ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పుకుంటా. అంతేగా! ఎంత పనీ? ఆ పక్క చోటు ఎవరిదిరా?"

"సీమోను బాబాయిది."

"ఓరి దేవుడా!" అంది అత్త. బండిలో అందరూ మావైపు తిరిగారు.

కొత్త స్థలం కొన్నప్పుడు సంఘానికి చేసిన సేవకి గుర్తుగా సీమోను తన చోటు ముందే ఎంచుకున్నాడు. మొదటి వరస, ఇప్పుడు మామయ్య ఉన్న చోటికి పక్కనే, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనిపించేలా. చుట్టూ ఇటుకలు కూడా పాతించుకున్నాడు. పండక్కి వాటికి సున్నం వేయించేవాడు. లోపల ఇంకా పచ్చగడ్డి మొలుస్తున్న సమాధికి సున్నం వేయించుకునే మనిషిని చోటు ఇమ్మని అడగడం మాటలా?

మా అత్త అడిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నవాడిని నిలబెట్టి అడిగింది. తిట్టలేదు, దెప్పలేదు. పిల్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. "ఆ చోటు నాకియ్యి సీమోనూ" అంది. సీమోను మొహం ఎర్రగా అయింది. "అది నా చోటు" అని, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి ఇంకెవరిదో వేసుకుని వెళ్ళిపోయాడు. అత్త ఆ రోజు అన్నం తినలేదు. షుగరు మాత్రలు నేనే మింగించి తెనాలి బండెక్కాను.

ఆ తరవాత వారం వాన కురిసి వెలిసింది. నేను ఆవిడ ఇంట్లో గిన్నెలు ఎత్తి నీళ్ళు పారబోస్తుంటే జానీ మేస్త్రి వచ్చాడు.

"పిన్నీ, సీమోను గారు పంపారు. ఆ చోట వానకి నీళ్ళు నిలుస్తాయంట. ఆయనకి జలుబు తత్వమంట. వద్దంట. నువ్వు తీసుకుంటే ఆయనకేం అభ్యంతరం లేదంట."

"చచ్చాక జలుబేంటయ్యా?" అన్నాను నేను.

"నేనూ అదే అడిగా. నోరు మూసుకుని ఇటుకలు మార్చమన్నారు. నీళ్ళు కూడా నిలవవు పిన్నీ, ఆ తోటలో అదే మెరక. పొద్దున్న వెళ్ళేసరికి ఆయన అక్కడ గొడుగేసుకుని ఒక్కడే నిలబడున్నారు. దాసు బాబాయితో ఏదో మాట్లాడుతున్నారు. నన్ను చూసి ఆపేశారు."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు. గిన్నెలో ఉన్న ఇడ్లీలన్నీ తీసి, నెయ్యి కారప్పొడి విడిగా కట్టి, జానీ చేతిలో పెట్టింది. "సీమోనుకియ్యి. చల్లారకముందే తినమను" అంది. ఆ రోజు స్టేషను దగ్గర బేరం లేదు.

చోటు గుర్తు పెట్టించేటప్పుడు మాత్రం ఎవరినీ నమ్మలేదు. తెల్లవారకముందే జానీని, జార్జి గారిని, నన్ను తీసుకెళ్ళి నిలబెట్టింది. పిలవకుండానే సీమోను కూడా వచ్చాడు. సూర్యుడు పైకొచ్చి తన కళ్ళతో తను చూసేదాకా దారం లాగనివ్వలేదు. దారం రెండో కొస సీమోను పట్టుకున్నాడు. "కాళ్ళు ఇటు! అందరూ చూసుకోండి! తూర్పు ఇటు!" అని కాలవ అవతలికి వినపడేలా అరిచాడు. ఎవరూ నవ్వలేదు.

పని అయ్యాక వాళ్ళు ముగ్గురూ గేటు దగ్గరికి వెళ్ళారు. అత్త మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా తన చోటు గట్టు మీద కూర్చుంది. ఎండ మొహాన పడుతోంది. మామయ్య సిమెంటు మీద అరచెయ్యి ఆనించి ఉంది. ఆవిడ మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. చూసి ఊరుకోవచ్చు కదా, ఊరుకోను.

"అత్తా, ఒక అనుమానం. నువ్వు ముందు లేచి ఆయన్ని తిప్పుతావు, బాగానే ఉంది. ఒకవేళ మామయ్యే ముందు లేస్తే?"

"అన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఏనాడన్నా నాకంటే ముందు లేచాడంట్రా?" అంది. సిమెంటు మీద పడ్డ ఆకు తీసి పారేసింది. "నేనే లేపుతా. లేపి, ఇటు తిప్పి నిలబెట్టి, చొక్కా గుండీలు సరిగ్గా పెడతా. అప్పుడు రానీ పిల్లని."